పాత అలవెన్సులు వదిలి ఏకమొత్తం తీసుకోవచ్చా?

నాయనా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరులో ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో చేరి మూడేళ్లయింది, సొంతూరు హిందూపురం. పే స్లిప్పులో వాషింగ్ అలవెన్సు, సైకిల్ అలవెన్సు అని చూసి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్నేహితులు నవ్వుతున్నారు. ఇప్పుడు కొత్త వేతన ఒప్పందానికి ముందు యూనియన్ వాళ్లు ఒక కాగితం పంచారు. బస్సు, క్యాంటీన్ సబ్సిడీ, చిల్లర అలవెన్సులు అన్నీ తీసేసి నెలకు 2,500 రూపాయలు చేతికిస్తామని యాజమాన్యం అంటోంది, ఒప్పుకుందామా అని. ఆదివారం మీటింగులో ఏం చెప్పాలో తెలియడం లేదన్నావు.

నేను ఇలాంటి ఫ్యాక్టరీలోనే 1985లో చేరి 2020లో రిటైరయ్యాను. మాది మదనపల్లె వైపు. మొదటి ఆరేళ్లు అసెంబ్లీ లైన్లో కూర్చున్నాను, ఆ తర్వాత అంతా జీతాల లెక్కలు చూసే వేజ్ సెక్షనే. నువ్వు చెప్పిన ప్రతి అలవెన్సూ నా చేతుల మీదుగా లెక్క కట్టినదే. రెండు వేతన ఒప్పందాలప్పుడు యూనియన్ కోసం అంకెలు తయారుచేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందులో ఒకసారి చేసిన తప్పు గురించి కింద రాస్తాను, ఎందుకంటే మీరు ఇప్పుడు సరిగ్గా అదే చేయబోతున్నారు.

ముందే నా మాట చెప్పేస్తాను. చిల్లర అలవెన్సులను వదులుకోండి, కానీ వాటి బదులు వచ్చే డబ్బు బేసిక్ జీతం మీద శాతంగా ఉండాలి. బస్సు, క్యాంటీన్, వైద్యం మాత్రం ఎంత డబ్బుకీ ఇవ్వకండి.

నీ స్నేహితులు నవ్వే అలవెన్సులు ఒకప్పుడు నిజమైన ఖర్చుల కోసం పుట్టినవే. నేను చేరిన కొత్తలో మా షాపులో సగానికి పైగా మనుషులు సైకిళ్ల మీదే వచ్చేవాళ్లు. సైకిల్ స్టాండులో చోటు దొరకక గొడవలు అయ్యేవి. ట్యూబు, టైరు, ఓవర్‌హాలింగు అన్నీ ఖర్చులే కాబట్టి సైకిల్ అలవెన్సు వచ్చింది. మాకు నీలం రంగు కోటు యూనిఫామ్. దానికి నూనె మరకలు, సోల్డరింగ్ మచ్చలు. ఇంట్లో ఉతికితే పోయేవి కావు, బయట ఇచ్చి ఉతికించుకునేవాళ్లం. మొదట్లో వాషింగ్ అలవెన్సుతో ఆ ఖర్చు వెళ్లిపోయేది. నేను రిటైరయ్యే నాటికి ఆ డబ్బుకు ఒక చిన్న డిటర్జెంట్ ప్యాకెట్ కూడా వచ్చేది కాదు. మురికి అలాగే ఉంది, కోటూ అలాగే ఉంది. మారనిది పే స్లిప్పులోని అంకె ఒక్కటే. అందుకే ఎవరైనా ఇది పాతబడిన సదుపాయం అన్నప్పుడు, పాతబడింది అవసరమా, అంకెనా అని నేను ముందు చూస్తాను.

కేంద్ర ప్రభుత్వంలో ఈ చూపు ఒకసారి పెద్ద ఎత్తునే జరిగింది. జస్టిస్ ఎ.కె. మాథుర్ అధ్యక్షతన పనిచేసిన 7వ వేతన సంఘం దాదాపు రెండు వందల అలవెన్సులను ఒక్కొక్కటిగా పరిశీలించింది. యాభైకి పైగా తీసేయమంది, మరికొన్నింటిని వేరేవాటిలో కలిపేయమంది. ప్రభుత్వం కొన్ని మార్పులు చేసి 2017 జులై 1 నుంచి అమల్లో పెట్టింది. చిన్న కుటుంబం కోసం ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకు ఇచ్చే కుటుంబ నియంత్రణ అలవెన్సు అప్పుడే పోయింది. వాషింగ్ అలవెన్సు, బూట్ల అలవెన్సు లాంటివి కలిపి ఏడాదికోసారి ఇచ్చే డ్రెస్ అలవెన్సు చేశారు. సైకిల్ అలవెన్సును సంఘం తీసేయమన్నా ప్రభుత్వం పూర్తిగా తీయలేదు. తపాలా శాఖ, రైల్వేల్లో పోస్ట్‌మన్‌లకు, ట్రాక్‌మన్‌లకు ఉంచి, 90 రూపాయలను 180 చేసింది. నిజంగా సైకిల్ తొక్కే వాళ్లు ఇంకా ఉన్నారని గుర్తించి చేసిన పని అది. నాకు ఆ నిర్ణయం నచ్చింది.

ఈ వేతన సంఘం సిఫార్సులు మనకు నేరుగా వర్తించవు, ఇది గుర్తుపెట్టుకో. ధరలను బట్టి పెరిగే మన కరువు భత్యం, అంటే డీఏ వేరు, మూడు నెలలకోసారి మారుతుంది. ఆఫీసర్ల జీతాలు పబ్లిక్ ఎంటర్‌ప్రైజెస్ శాఖ మార్గదర్శకాల ప్రకారం నడుస్తాయి, కార్మికులవి యూనియన్‌తో కుదిరే ఒప్పందం ప్రకారం. ఆఫీసర్లకు 2008లోనే కెఫెటీరియా పద్ధతి వచ్చింది. బేసిక్‌లో 50 శాతం వరకు ఒక బుట్టగా ఇచ్చి, అందులో తమకు కావలసిన సదుపాయాలు తామే ఎంచుకోమన్నారు. 2017 సవరణలో ఆ పరిమితిని 35 శాతానికి తగ్గించారు. 35 శాతం తక్కువే కావచ్చు, కానీ అది శాతం. బేసిక్ పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. మీ కాగితంలో ఉన్నది 2,500 అనే ఒంటి అంకె.

ఇప్పుడు మా తప్పు సంగతి. రాత్రి షిఫ్టు వాళ్లకు మా ఫ్యాక్టరీలో ఒక గ్లాసు పాలు, రెండు బన్నులు, ఒక అరటిపండు ఇచ్చేవాళ్లు. 1990ల చివర్లో జరిగిన ఒప్పందంలో యాజమాన్యం ఒక మాట అంది. పాలు విరుగుతున్నాయి, బన్నులు పాడవుతున్నాయి, ఫిర్యాదులు వస్తున్నాయి, దాని బదులు నెలకు ఇంత అని డబ్బు ఇస్తాం, ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కుంటారు అని. మొత్తం మంచిగానే కనిపించింది. నేనే లెక్క వేశాను. అప్పటి పాల ధర, బన్ను ధర, నెలకు ఎన్ని రాత్రులు, అన్నీ చూసి, వాళ్లిచ్చేది ఖర్చు కన్నా పదిహేను రూపాయలు ఎక్కువే అని రాసిచ్చాను. అందరూ సంతోషంగా సంతకాలు చేశారు. ఆ మొత్తం బేసిక్‌తో గానీ డీఏతో గానీ ముడిపడి ఉందా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఏడెనిమిదేళ్లకు ఆ డబ్బుకు నెలలో సగం రోజుల పాలు కూడా వచ్చేవి కావు. అంతకన్నా బాధ కలిగించిన సంగతి ఇంకొకటి. డబ్బు చేతికొచ్చాక రాత్రి పన్నెండు గంటలకు పాలు కొనుక్కుని తాగేవాళ్లు ఎవరున్నారు? ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. మనుషులు ఖాళీ కడుపుతో, టీ తాగి తెల్లవార్లూ మిషన్ల దగ్గర నిలబడ్డారు. మా సెక్షన్‌లో గ్యాస్ట్రిక్ అల్సర్‌తో సెలవులు పెట్టిన వాళ్ల కాగితాలు నా దగ్గరికే వచ్చేవి. ఆ కాగితాలు ఫైల్ చేస్తూ నేను వేసిన లెక్కను ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఎవరి తప్పూ కాదని పెద్దవాళ్లు అన్నారు గానీ, ఆ అంకె కాగితం మీద పెట్టిన చేయి నాదే కదా.

అంకె కదలకపోతే ఏమవుతుందో మన పన్నుల చట్టంలోనూ చూడొచ్చు. పిల్లల చదువు అలవెన్సుకు ఒక్కో బిడ్డకు నెలకు 100 రూపాయలు, హాస్టల్‌కు 300 రూపాయలు మినహాయింపు అని పెట్టారు. దశాబ్దాలపాటు అది అలాగే ఉండిపోయింది. ఈ ఊళ్లో బడి వ్యాన్‌కు ఒక్క రోజుకు ఎంతవుతుందో నీకు తెలుసు. ఇంటి అద్దె సంగతీ అంతే. ప్రభుత్వ ఇంటి అద్దె అలవెన్సుకు బెంగళూరు ఎక్స్ తరగతి నగరం, అంటే అన్నిటికన్నా ఎక్కువ రేటు. కానీ ఆదాయపు పన్ను మినహాయింపుకు ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలను మాత్రమే 50 శాతం లెక్కలో పెట్టి, బెంగళూరును ఏళ్ల తరబడి 40 శాతంలో ఉంచారు. వైట్‌ఫీల్డ్‌లో అద్దె కట్టేవాడికి ఆ నిబంధన రాసిన నాటి బెంగళూరు ఎక్కడ కనిపిస్తుంది?

నాకు స్వయంగా తగిలిన దెబ్బ ఇంకొకటి ఉంది. రిటైరయ్యేటప్పుడు మిగిలిన సెలవులకు వచ్చే డబ్బు మీద ప్రభుత్వ ఉద్యోగులకు పన్ను లేదు. ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసే మనల్ని మాత్రం ఈ విషయంలో ప్రైవేటు ఉద్యోగులతో కలిపి లెక్కిస్తారు. మనకు మినహాయింపు 3 లక్షల వరకే ఉండేది. ఆ పరిమితి 2002లో పెట్టింది. అప్పట్లో ప్రభుత్వంలో అందరికన్నా ఎక్కువ బేసిక్ నెలకు 30,000 రూపాయలు. 2023 బడ్జెట్‌లో దాన్ని 25 లక్షలు చేశారు. నేను 2020లో రిటైరయ్యాను. 35 ఏళ్లు జ్వరం వచ్చినా మాత్ర వేసుకుని వెళ్లి దాచుకున్న సెలవులు నావి. 3 లక్షలు దాటినదంతా పన్ను లెక్కలోకి పోయింది. మూడేళ్ల తర్వాత రిటైరైన వాళ్లకు ఆ నష్టం లేదు. అదృష్టం వాళ్లది అనుకుని ఊరుకున్నాను, కానీ అంకె కదలకపోతే ఎంత నష్టమో ఒంటికి తెలిసింది.

నీ 2,500 లెక్క కూడా చూద్దాం. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకో. పదేళ్ల ఒప్పందం చివరికి వచ్చేసరికి ఆ 2,500తో ఈనాడు 1,400 రూపాయలకు వచ్చే సరుకు మాత్రమే వస్తుంది. పైగా చేతికొచ్చే డబ్బుకు పన్ను ఉంటుంది. యాజమాన్యం ఇంటి నుంచి ఫ్యాక్టరీకి బస్సు నడిపితే అది పన్ను లెక్కలోకి రాదు. బస్సు సీటును నోట్లుగా మార్చుకున్న రోజే కొంత పోగొట్టుకున్నట్టు.

బస్సు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మీ కాగితంలో అందరికన్నా తేలిగ్గా వదిలేసేలా కనిపించేది అదే. ఈ ఊళ్లో పెద్ద ఫ్యాక్టరీలు ఎక్కడ వచ్చాయో చూడు. విమానాల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్ 1940లో విమానపుర వైపు, టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐటీఐ 1948లో దూరవాణినగర్ వైపు, మిషన్లు తయారుచేసే హెచ్‌ఎంటీ 1953లో, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ బీఈఎల్ 1954లో జాలహళ్లి వైపు. అప్పుడు అవన్నీ ఊరికి దూరంగా పొలాలు, చెరువుల మధ్య ఉన్న చోట్లు. సిటీ బస్సు వచ్చేది కాదు, అందుకే కంపెనీ బస్సు. అద్దె ఇళ్లు లేవు, అందుకే క్వార్టర్లు. బడి లేదు, ఆసుపత్రి లేదు, అందుకే కాలనీలో బడి, ఆసుపత్రి. ఇప్పుడు ఊరు వాటిని దాటి ఎంతో దూరం పెరిగింది కాబట్టి ఆ కారణం పోయిందని యాజమాన్యం వాళ్లంటారు. వినడానికి సరిగ్గానే ఉంటుంది.

కానీ కొత్త కారణం వచ్చింది కదా. నేను రామమూర్తి నగర్‌లో ఉండేదాన్ని. మొదటి షిఫ్టుకు మా బస్సు 5:50కి పాయింటుకు వచ్చేది. అదే బస్సులో ముప్పై ఏళ్లు వెళ్లాను. డ్రైవరు మారినా సీట్లు మారలేదు, నా పక్క సీటు ఆమె బిడ్డ పెళ్లికి నేను వంట దగ్గర నిలబడ్డాను. అందులో తెలుగు, కన్నడ, తమిళం అన్నీ నడిచేవి. సాయంత్రం షిఫ్టు ముగిసి రాత్రి పదకొండుకు దిగితే, బస్సు వెళ్లిపోకుండా మేం సందు మలుపు తిరిగేదాకా హెడ్‌లైట్లు వేసి ఆగేది. ఆ వెలుతురు విలువ నెలకు ఎంత అని ఏ లెక్కలో వేస్తాం?

మా యూనిట్‌కు చెందిన ఇంకో విభాగంలో నాలుగు రూట్ల బస్సులు తీసేసి డబ్బు తీసుకున్నారు. మొదటి ఏడాది సంతోషించారు. మగవాళ్లు టూ వీలర్లు కొన్నారు. వాటి వాయిదా, పెట్రోలు, ఇన్సూరెన్సు కలిపి అలవెన్సును మించిపోయింది. వానాకాలంలో అండర్‌పాస్‌లలో నీళ్లు నిలిచిన రోజుల్లో ఆలస్యంగా వచ్చి అరపూట జీతం పోగొట్టుకున్నారు. కంపెనీ బస్సు ఆలస్యమైతే ఆ ఆలస్యం కంపెనీది, నీ బండి ఆలస్యమైతే అది నీది. ఇద్దరు ఆడవాళ్లు సెకండ్ షిఫ్టు చేయలేక ప్రమోషన్ వద్దనుకున్నారు. బస్సులు తిరిగి అడిగితే, ఒప్పందంలో వదులుకున్నారు కదా అన్నారు.

మెట్రో వచ్చింది, ఇక బస్సెందుకు అని నువ్వనొచ్చు. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పర్పుల్ లైను 2023లో పూర్తయింది, చాలామందికి మేలు జరిగింది. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం. నిజమే. కానీ పొద్దున ఆరున్నరకు మిషన్ దగ్గర ఉండాల్సిన మనిషికి, స్టేషన్ దాకా వెళ్లడం, దిగి గేటు దాకా రావడం కూడా లెక్కే. రూట్లు తగ్గించండి, మెట్రో స్టేషన్ నుంచి గేటుకు చిన్న బస్సులు వేయండి అని అడగండి. అలా మార్చుకుంటే తప్పు లేదు. బస్సు మాత్రం వాళ్లే నడపాలి.

క్యాంటీన్ సంగతికొస్తే, అది దయతో ఇచ్చింది కాదని చాలామందికి తెలియదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ ప్రకారం 250 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఉండేది, దాని కమిటీలో కార్మికుల ప్రతినిధులు ఉండాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఆ సంఖ్యను కాంట్రాక్టు కార్మికులతో కలిపి 100కు తెచ్చారు. క్యాంటీన్ ఉండాలన్నది చట్టం. అందులో ఇడ్లీ ఎంతకు అమ్మాలన్నది మాత్రం మీ ఒప్పందం. సబ్సిడీ వదిలేస్తే గదీ బల్లలూ మిగులుతాయి, ధర బయటి హోటల్ ధర అవుతుంది.

నేను చేరినప్పుడు మా సీనియర్లలో చాలామంది 1980 డిసెంబర్‌లో మొదలైన పెద్ద సమ్మెలో ఉన్నవాళ్లు. బెంగళూరులోని ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలన్నీ 77 రోజులు ఆగిపోయిన సమ్మె అది. అప్పుడు ఇళ్లలో పొయ్యి వెలిగించడానికి ఎంత కష్టపడ్డారో వాళ్లు చెప్పేవాళ్లు. అందుకేనేమో, జీతం విషయంలో కొంచెం వెనక్కి తగ్గినా క్యాంటీన్ విషయంలో మాత్రం తగ్గేవాళ్లు కాదు. కోలారు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాతో అనేవాడు, "డబ్బిస్తే ఒక పూటకి అయిపోతాది పాపా, అన్నం పెడితే రోజూ పెట్టాల్సిందే వాళ్లు" అని. మేం పాలు వదులుకున్న మీటింగుకు ఆయన లేడు, అప్పటికే రిటైరయ్యాడు.

తల్లులు పనిలో ఉండగా పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ గురించి మీ కాగితంలో ఏమీ లేదన్నావు. అడిగి చూడు. నా ఇద్దరు పిల్లలూ ఫ్యాక్టరీ క్రెష్‌లోనే పెరిగారు. పాత చట్టంలో 30 మందికి మించి ఆడ కార్మికులుంటే ఆరేళ్లలోపు పిల్లలకు క్రెష్ ఉండాల్సి వచ్చేది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ తప్పనిసరి చేశారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. పాతబడిన సదుపాయాల జాబితాలో క్రెష్‌ను చేర్చి, వాడేవాళ్లు తగ్గారు అని మూసేయాలని చూస్తారు. వాడేవాళ్లు ఎందుకు తగ్గారో కనుక్కోండి. మా దగ్గర ఆయాల పోస్టులు భర్తీ చేయకుండా వదిలేశారు. పది మంది పసివాళ్లకు ఒక్క మనిషి ఉంటే ఏ తల్లి వదిలి వెళ్తుంది? ఆ తర్వాత, చూశారా, ఎవరూ రావడం లేదు అన్నారు.

వైద్యం గురించి నీ వయసులో పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు 66 ఏళ్లు నాకు. పీఎఫ్‌తో పాటు నడిచే ఈపీఎస్ పథకం కింద నెలనెలా వచ్చే పెన్షన్ ఎంత తక్కువో చెబితే నువ్వు నమ్మవు. ఆ పథకంలో కనీస పెన్షన్ 2014 నుంచి 1,000 రూపాయలే. నన్ను కాపాడుతున్నది రిటైరయ్యాక కూడా కొనసాగే వైద్య పథకం. మా ఆయనకు గుండె ఆపరేషన్ దాని మీదే జరిగింది. పబ్లిక్ ఎంటర్‌ప్రైజెస్ శాఖ మార్గదర్శకాల్లో పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్, రిటైరయ్యాక వైద్యం అన్నీ కలిపి బేసిక్, డీఏల మీద 30 శాతం లోపు సర్దుకోమన్నారు. అంటే వైద్యానికి ఎంత పోతుంది, పెన్షన్‌కు ఎంత పోతుంది అనేది మీ సంస్థలో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. ఆ బల్ల దగ్గర మీ మనిషి ఉన్నాడా అని మీటింగులో తప్పకుండా అడుగు. వాషింగ్ అలవెన్సు మీద గంటసేపు వాదించి ఇది వదిలేయడం నేను కళ్లారా చూశాను.

ఎల్‌టీసీ, అంటే సెలవుల్లో చేసే ప్రయాణానికి ఛార్జీలు ఇచ్చే సదుపాయం గురించి ప్రత్యేకంగా అడిగావు. ప్రభుత్వంలో రెండేళ్ల బ్లాకులో ఒకసారి సొంతూరికి, నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా అన్నది మూల పద్ధతి. ప్రభుత్వరంగ సంస్థల్లో చాలా వరకు దీన్నే కొంచెం మార్చి పెట్టుకున్నాయి. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే వాళ్లకు సొంతూరి ఎల్‌టీసీ పెద్ద వరం, నీకు హిందూపురం వంద కిలోమీటర్ల దూరం, రైలు టికెట్టు డబ్బు ఎంత వస్తుంది? నీలాంటి వాళ్లు సొంతూరి విడత బదులు దేశంలో ఎక్కడికైనా వెళ్లే విడత మీదే ఆశ పెట్టుకోవాలి. అమ్మానాన్నలు నీ మీద ఆధారపడ్డవాళ్లయితే వాళ్లను కూడా తీసుకెళ్లొచ్చు, నీ సంస్థ నిబంధనలో ఆదాయ పరిమితి చూసుకో. మా అమ్మ జీవితంలో ఒక్కసారి కాశీ చూసింది, అది నా ఎల్‌టీసీ మీదే. కాబట్టి ఇది పాతబడిందని నేను ఒప్పుకోను.

అయితే పన్ను విషయంలో దీని బలం తగ్గింది. నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు ఉన్న మినహాయింపు కొత్త పన్ను విధానం ఎంచుకున్న వాళ్లకు లేదు. కరోనా ఏడాదిలో, 2020 అక్టోబర్‌లో, ప్రయాణం చేయకుండానే సామాన్లు కొని ఆ మొత్తం తీసుకునే వోచర్ పథకం పెట్టారు. ఛార్జీకి మూడింతలు ఖర్చు పెట్టాలి, అది కూడా 12 శాతం లేదా అంతకన్నా ఎక్కువ జీఎస్టీ ఉన్న వస్తువుల మీద, డిజిటల్ చెల్లింపుతో. చాలామంది అవసరం లేని ఫ్రిజ్‌లు, టీవీలు కొన్నారు. అలాంటివి మళ్లీ వస్తే లెక్క వేసుకుని దిగు.

దొంగ బిల్లుల జోలికి మాత్రం వెళ్లొద్దు. వెళ్లని ఊరికి వెళ్లినట్టు టికెట్లు పెట్టి పట్టుబడిన వాళ్ల విచారణ ఫైళ్లు నేను చూశాను. కొన్ని వేల కోసం ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి, ఒకతనికి రిటైర్మెంట్ ముందు ఏడాది ఛార్జిషీటు వచ్చింది. ఇంట్లో పెళ్లి పెట్టుకుని అతను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

నిజంగా కాలం చెల్లిపోయినవి కూడా ఉన్నాయి, అవి వదలడానికి నాకేమీ బాధ లేదు. ఇంటికి ల్యాండ్‌లైన్ ఖర్చు, న్యూస్‌పేపర్ బిల్లు, రెండు చక్రాల బండి కూడా లేని రోజుల్లో పెట్టిన సైకిల్ అడ్వాన్సు పోతే పోనీ. ఆఫీసర్లకు వేరే భోజనాల గది, వేరే ప్లేట్లు, వేరే లిఫ్టు ఉండటం నాకు ఎప్పుడూ నచ్చలేదు. అవి తీసేయమని మీ యూనియనే ముందు అడగాలి. ఉద్యోగి బిడ్డకే ఉద్యోగం అన్న పాత వాడుక కూడా పోవాల్సిందే, బయట చదువుకుని కూర్చున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో చూస్తున్నాం. పాతికేళ్ల సర్వీసుకు ఇచ్చిన హెచ్‌ఎంటీ వాచీ నా చేతికి ఇంకా ఉంది. ఆ వాచీల కంపెనీని మూసేయడానికి 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఇప్పుడు మీకు వాచీ బదులు ఏదో వోచర్ ఇస్తారు, దాని మీద పట్టుబట్టొద్దు.

పండగ అడ్వాన్సు మాత్రం ఉంచమనండి. వడ్డీ లేని ఆ కాస్త డబ్బు నీకు లెక్కలోకి రాకపోవచ్చు. మా హెల్పర్లు దసరాకు బయట వడ్డీకి తీసుకోకుండా ఆపింది అదే.

ఇక మీటింగులో. ముందు అడగాల్సింది, బస్సుకు, క్యాంటీన్‌కు సంస్థ ఇప్పుడు ఒక్కో మనిషి మీద ఎంత ఖర్చు పెడుతోంది అని. ఆ అంకె లేకుండా 2,500 ఎక్కువో తక్కువో ఎవరికీ తెలియదు. రెండోది, చిల్లర అలవెన్సుల బదులు ఇచ్చేది బేసిక్ మీద ఎంత శాతం, దాన్ని పీఎఫ్‌కు లెక్కిస్తారా అని. కొత్త వేతన కోడ్ ప్రకారం, చట్టం మినహాయించిన అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే చూడాలి. గ్రాట్యుటీ కూడా దాని మీదే వస్తుంది. కాబట్టి ఏ పేరుతో ఇస్తున్నారన్నది పట్టించుకోవాల్సిన విషయమే.

మూడోది చట్టం విషయం. ఎప్పటి నుంచో నడుస్తున్న సదుపాయాన్ని యాజమాన్యం తనంతట తాను తీసేయలేదు. పారిశ్రామిక వివాదాల చట్టం 9ఏ కింద 21 రోజుల నోటీసు ఇవ్వాల్సి ఉండేది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నోటీసు ఉంది. కానీ మీరే ఒప్పందంలో సంతకం పెట్టి వదులుకుంటే నోటీసుతో పనే లేదు. అందుకే వాళ్లు మీ సంతకం కోసం 2,500 చూపిస్తున్నారు.

ఇంకొక మాట, మీరు అడగకపోయినా రాస్తున్నాను. మీ పక్కనే అదే కోటు వేసుకుని, అదే మిషన్ మీద పనిచేసే కాంట్రాక్టు పిల్లలు ఉంటారు. వాళ్లకు బస్సులో సీటు ఉందా, క్యాంటీన్‌లో అదే ధరకు భోజనం ఉందా? మా కాలంలో వాళ్లను బస్సులో నిలబడి రానిచ్చేవాళ్లు, క్యాంటీన్‌లో వేరే కూపన్. మేం కూర్చుని చూస్తూ ఉండిపోయాం. బస్సు నిండా మనుషులుంటే ఆ బస్సును తీసేయడం కష్టమని ఇప్పుడు అర్థమవుతోంది. మా వాళ్ల సంఖ్య తగ్గి సీట్లు ఖాళీ అయ్యాకే ఆ నాలుగు రూట్లు పోయాయి.

ఆదివారానికి ముందు నీ యూనియన్ ఆఫీసులో పాత ఒప్పందం కాపీ అడిగి తీసుకో. సదుపాయాల అనుబంధం చివర్లో ఉంటుంది. అందులో బస్సు, క్యాంటీన్ గురించి రాసిన పేరాలు, రాత్రి షిఫ్టు భోజనం గురించి ఏమైనా ఉంటే అదీ ఫోటో తీసి నాకు పంపు. కాగితంలోని 2,500ను పదేళ్లకు లెక్క కట్టి పెడతాను. ఈసారి డీఏ గడి ఖాళీగా వదలను.